పేరయ్య లేని పెళ్ళిచూపులు

1959లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జిమ్ హార్వీ, ఫిల్ ఫియాలర్ అనే ఇద్దరు విద్యార్థులు తరగతి ప్రాజెక్టు పేరుతో ఓ చిలిపి పని చేశారు. 49 మంది అబ్బాయిలు, 49 మంది అమ్మాయిల చేత ప్రశ్నపత్రాలు నింపించి, జవాబులను చిల్లుల కార్డులకెక్కించి, ఐబీఎం 650 కంప్యూటర్‌కు అప్పగించారు. ఎవరి జవాబులు ఎవరితో దగ్గరగా ఉన్నాయో లెక్కగట్టి జంటలు చూపడం దాని పని. ఈ పథకానికి వాళ్ళు పెట్టిన పేరు ‘హ్యాపీ ఫ్యామిలీస్ ప్లానింగ్ సర్వీస్’. ఇవాళ ఫోన్లలో మనుషుల్ని కలిపే యాప్‌లకు ముత్తాత అదే.

అయితే ఆ యంత్రాన్ని వయసు మళ్ళినవాళ్ళ అవసరానికి దగ్గరగా తెచ్చింది లండన్‌లో జోన్ బాల్ అనే మహిళ. 1962లో ఆమె పెట్టిన పరిచయ సంస్థకు వచ్చినవాళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు, విడాకులైనవాళ్ళు, జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్ళు. ఇలాంటి సంస్థలు వ్యభిచారానికి ముసుగేమోనని అక్కడి పత్రికలు ప్రకటనలు వేయడానికి జంకేవి. దాంతో ఆమె సముద్రంలో ఓడల మీంచి అనుమతి లేకుండా ప్రసారమయ్యే రేడియోల్లో ప్రచారం చేసుకుంది. 1964లో కంప్యూటర్ సాయం తీసుకుంది. మీకేం కావాలి అని కాకుండా, మీకేం పనికిరాదు అని అడిగి జత వెతకడం ఆమె పద్ధతి. అరవై దాటినవాళ్ళను అడగదగ్గ ప్రశ్న ఇంతకన్నా మంచిది ఇంకా ఎవరూ కనిపెట్టలేదని నా అభిప్రాయం. సిగరెట్ వాసన పడదు, ఊరు వదిలి రాను, ఇంట్లో నాన్‌వెజ్ వండనివ్వను – ఇవన్నీ తడుముకోకుండా చెప్పేస్తారు. ఇష్టాల సంగతంటారా, నలభై ఏళ్ళు సర్దుకుపోయినవాళ్ళకు అవి గుర్తు తెచ్చుకోవడానికే నెల పడుతుంది.

1965లో హార్వర్డ్ కుర్రాళ్ళు ‘ఆపరేషన్ మ్యాచ్’ పేరుతో 3 డాలర్లు పుచ్చుకుని జతలు చూపడం మొదలుపెట్టారు. అక్కడితో యంత్రం పడుచువాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ పెద్దవాళ్ళవైపు తిరిగి చూడడానికి దశాబ్దాలు పట్టింది.

ఈలోగా గణితం తన పని తాను చేసింది. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ ఒక పద్ధతి ప్రకటించారు. ఒక పక్షం వాళ్ళు తమకు అందరికన్నా నచ్చినవాళ్ళను అడుగుతారు. రెండో పక్షం వాళ్ళు వచ్చినవాటిలో మెరుగైనదాన్ని చేతిలో ఉంచుకుని మిగతావాళ్ళను పొమ్మంటారు. కాదనిపించుకున్నవాళ్ళు తమ జాబితాలో తర్వాతి పేరు దగ్గరికి వెళతారు. ఇలా చివరిదాకా సాగితే, తమకు దక్కిన జతలకన్నా ఒకరికొకరు ఎక్కువ నచ్చే ఇద్దరు ఎక్కడా మిగలరని వాళ్ళు నిరూపించారు. షాప్లీకి 2012లో నోబెల్ బహుమతి వచ్చింది. జతలు కలిపే హింజ్ యాప్ ఈ లెక్కనే వాడుకుంది. ఇందులో ఒక మెలిక ఉంది. అడిగే పక్షానికే లాభం ఎక్కువ. మన దగ్గర అరవయ్యేళ్ళ ఆడవాళ్ళు తాముగా అడగడం మర్యాద కాదనుకుంటారు. గణితం మాత్రం ముందు మీరే అడగండమ్మా అంటోంది.

1995లో మ్యాచ్ డాట్ కామ్ వచ్చింది. అమెరికాలో ఉన్న మురుగవేల్ జానకీరామన్ 1997లో తమిళుల కోసం పెట్టిన వెబ్‌సైటు కాలక్రమంలో భారత్ మ్యాట్రిమొనీగా మారి, తెలుగువాళ్ళ దాకా వచ్చింది. 2012లో టిండర్ పుట్టింది. బొమ్మను కుడికి తోస్తే సరే, ఎడమకు తోస్తే వద్దు. ఇరవయ్యేళ్ళ వేలికి ఇది ఆట. డెబ్భై ఏళ్ళ వేలి సంగతి వేరు. ఫోన్ తెర మన వేలిని విద్యుత్తు ద్వారా గుర్తుపడుతుంది. చర్మం పొడిబారినా, పొలం పనికి కాయలు కాచినా ఆ గుర్తింపు సరిగా అందదు. వణికే చెయ్యి వద్దనుకున్నవాళ్ళకు సరే చెప్పేస్తుంది. ఇరవయ్యేళ్ళప్పుడు కంటి లోపలి తెర మీద పడే వెలుతురులో అరవై నాటికి దాదాపు మూడో వంతే పడుతుంది. లేత బూడిద రంగు అక్షరాలు పెట్టే డిజైనర్లకు ఈ ముక్క ఎవరూ చెప్పినట్టు లేదు. పైన గుడులు, కింద వత్తులు ఉన్న తెలుగు లిపికి ఇంగ్లీషుకన్నా పెద్ద అక్షరం కావాలి. చాలా యాప్‌లు రెంటికీ ఒకే కొలత ఇస్తాయి. వెబ్ ప్రమాణాలు 2018 నుంచీ ఒక మాట చెబుతున్నాయి: వేలితో తోసి చేసే ప్రతి పనికీ ఊరికే నొక్కి చేసే దారి కూడా ఉండాలి. కాబట్టి తెరిచిన యాప్‌లో సరే, వద్దు అనే రెండు పెద్ద బొత్తాలు కనిపించకపోతే అక్కడే ఆపేయొచ్చు. టైపు చేయడం రానివాళ్ళకు 2017లో వచ్చిన గూగుల్ తెలుగు వాయిస్ టైపింగ్ బాగా అక్కరకొస్తుంది.

ఇంతవరకూ చేతికీ కంటికీ సంబంధించిన గొడవ. అసలు చిక్కు మరోటి.

తెనాలిలోనైనా రేపల్లెలోనైనా పెళ్ళిళ్ళ పేరయ్య చేసే పనులు రెండు. జత చూపడం ఒకటి, వాకబు చేయడం రెండోది. ఆస్తి ఎంత, అప్పు ఎంత, మొదటి భార్య నిజంగా పోయిందా, కొడుకులు ఏమంటారు – ఇదంతా టీకొట్టు దగ్గర, చుట్టాల ఇళ్ళలో ఆరా తీసి చెప్పేవాడు. కంప్యూటర్ మొదటి పనిని మింగేసి రెండోదాన్ని రోడ్డు మీద వదిలేసింది. పడుచువాళ్ళకైతే తల్లిదండ్రులు పూనుకుంటారు. ఈ డెల్టా ఊళ్ళలో ఇంటికో పిల్లో పిల్లాడో అమెరికాలో ఉండి, ఇంట్లో ఒక్కరే మిగిలిన పెద్దవాళ్ళకు ఎవరు చేస్తారు? పిల్లలు చేయాలి. సమ్మతించే పిల్లలు తక్కువ.

హైదరాబాద్‌లో 2010లో ఎన్.ఎం. రాజేశ్వరి మొదలుపెట్టిన ‘తోడు నీడ’ సరిగ్గా ఈ ఖాళీలోనే నిలబడింది. ఒంటరి పెద్దవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, ముఖాముఖి పరిచయం చేసుకోనిస్తుంది. 2001 భుజ్ భూకంపంలో ఒంటరైనవాళ్ళను చూసి కదిలిపోయిన నటుభాయ్ పటేల్ అహ్మదాబాద్‌లో ఇలాంటి సమావేశాలే పెడుతూ వచ్చారు. ఇలా కలిసినవాళ్ళలో కొందరు పెళ్ళి చేసుకోకుండా సహజీవనంతో సరిపెట్టుకుంటారు. కారణం ఆధునికత కాదు, పింఛను. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల నిబంధనల్లో వితంతువుకు కుటుంబ పింఛను ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకునేంతవరకే. పెళ్ళి మంత్రాలను తెలుగులో చెప్పించిన ‘వివాహవిధి’ కర్త త్రిపురనేని రామస్వామి చౌదరి స్థిరపడిన తెనాలిలో పెళ్ళి తంతును మార్చడం కొత్త కాదు. ట్రెజరీ నిబంధన మార్చడమే కష్టం.

యాప్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది వాకబు సంగతే. ఫొటోలోని మనిషీ ఫోన్ పట్టుకున్న మనిషీ ఒకరేనని అప్పటికప్పుడు సెల్ఫీ తీయించి పోల్చి చూస్తుందా? 2018లో లండన్‌లో యాభై దాటినవాళ్ళ కోసం వచ్చిన ల్యూమెన్ అందరికీ దీన్ని తప్పనిసరి చేసింది. ఆ తర్వాత గోప్యత. బాపట్లలో రిటైరైన ఒక హెడ్‌మాస్టారి ఫొటో యాప్‌లో కనిపిస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. మ్యాట్రిమొనీ సైట్లలో, తాను ఒప్పుకున్నవాళ్ళకే ఫొటో చూపించే వీలుంటుంది. ఫోన్‌లో నంబర్లున్నవాళ్ళకు తన వివరాలు కనబడకుండా చేసే సదుపాయం టిండర్ 2021లో తెచ్చింది.

దూరం లెక్క మరో తమాషా. చాలా యాప్‌లు మనమున్న చోటి నుంచి ఇన్ని కిలోమీటర్లు అని గుండ్రంగా గిరి గీస్తాయి. సముద్రపు ఒడ్డునున్న వాడరేవులో కూర్చుని 50 కిలోమీటర్లు పెడితే ఆ గిరిలో దాదాపు సగం బంగాళాఖాతం. మిగతా సగంలో యాప్ వాడే అరవై ఏళ్ళవాళ్ళు ఎందరుంటారో ఊహించుకోవచ్చు. బొమ్మ తర్వాత బొమ్మ తోసుకుంటూ పోయే పద్ధతి జనం కిక్కిరిసిన నగరాలకు పుట్టింది. ఇక్కడివాళ్ళు గిరిని రాష్ట్రమంతా పెంచుకోవడమో, జిల్లాలవారీగా వెతకనిచ్చే మ్యాట్రిమొనీ సైట్లలో మలివివాహాల విభాగానికి వెళ్ళడమో నయం. నెలకింత అని కట్టించుకునే యాప్‌లో ముందుగానే ఏడాది డబ్బు కట్టకూడదు.

మొదటిసారి కలవడానికి వాడరేవు బీచ్ బాగుంటుంది, ఆదివారం పగటిపూట, జనం మధ్య. ఇంటికి పిలవొద్దు, ఇంటికి వెళ్ళొద్దు. వీడియో కాల్‌కు రాకుండా తప్పించుకునేవాళ్ళనూ, కస్టమ్స్‌లో పార్శిల్ చిక్కుకుంది, కాస్త డబ్బు పంపండి అనేవాళ్ళనూ అక్కడికక్కడే వదిలేయాలి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే బ్యాంకులో ఆ సొమ్మును నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ.

ఇంకో పరీక్ష వివరాలు నింపకముందే చేసుకోవచ్చు. ఖాతా తొలగించే వీలు యాప్‌లోనే ఉండాలని ఆపిల్ 2022లో నిబంధన పెట్టింది. గూగుల్ ప్లే కూడా అదే దారి పట్టింది. పేరూ ఫోన్ నంబరూ మాత్రం ఇచ్చి లోపలికెళ్ళి, ఆ మీట ఎక్కడుందో మనవడి సాయం లేకుండా వెతకండి. పది నిమిషాల్లో దొరక్కపోతే ఆ యాప్ వద్దు.