వ్యూహక్రీడలలోని లెక్కలు

పల్లెలలోని దేవాలయ మండపములలో బండలపై చెక్కిన పులిజూదపు గీతలు నేటికిని అక్కడక్కడ కానవచ్చును. ఈ ఆటలో ఒకరికి మూడు పులులు, మరియొకరికి పదునైదు మేకలు. పులి ఒక మేకపై నుండి దూకి, దాని వెనుకనున్న ఖాళీ చోటికి చేరగలిగినచో ఆ మేక పోయినట్లే. కాని మేక వెనుక మరియొక మేక నిలిచియున్నచో పులి దూకజాలదు. విడిగా బలహీనములైన మేకలు ఒకదానికొకటి అండగా నిలిచి, తుదకు పులులను కదలనీయక బంధించును. ఇందు పాచికలు లేవు. అదృష్టమునకు చోటు లేదు. ఎదుటివాడు ఏమి చేయునో ఊహించి, తానేమి చేయవలెనో నిర్ణయించుకొనుటయే ఆట. ఇట్టి ఆటలకు వ్యూహక్రీడలని పేరు.

నేడు ఈ వ్యూహక్రీడలు బండలపై నుండి కంప్యూటరు తెరలపైకి చేరినవి. విద్యార్థులు గంటల తరబడి వాటియందు మునిగియుండుట చూచి ఉపాధ్యాయులు విసుగుకొందురు. ఆ తెరపై జరుగుచున్న దేమో తెలిసినచో, విసుగునకు బదులు ఒక మంచి గణిత పాఠము దొరకును. ఏలయనగా ఈ ఆటలందు నేర్పు అనబడునది చాలవరకు లెక్కయే. ఉన్న ధనమును ఎప్పుడు వెచ్చింపవలెను, ఉన్న బలమును ఎక్కడ చేర్చవలెను, తెలియనిదానిని ఎట్లు తెలిసికొనవలెను అను మూడు ప్రశ్నలకే ఆటగాడు మరల మరల జవాబు వెదకుచుండును.

పాతవి, క్రొత్తవి

ఈ వీడియో ఆటలలో ముఖ్యముగా రెండు తెగలు కలవు. మొదటి తెగలో చదరంగమునందు వలె ఒకరి తరువాత ఒకరు ఎత్తు వేయుదురు. 1991లో అమెరికాలో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ అనువారు రూపొందించిన 'సివిలిజేషన్' దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. ఒక చిన్న ఊరితో మొదలిడి వేల సంవత్సరముల నాగరికతను నిర్మించుట అందలి పని. ఆ వరుసలో ఏడవ ఆట 2025లో వెలువడినది.

రెండవ తెగలో వంతులు లేవు. ఇద్దరును ఒకేసారి ఆడుదురు. ఆలోచించుచు కూర్చున్నవానికొరకు కాలము ఆగదు. 1992 నాటి 'డ్యూన్ 2' ఈ పద్ధతికి అచ్చు వేసినది. పంటనో గనినో కొల్లగొని ధనము చేర్చుట, దానితో కట్టడములు కట్టుట, వాటినుండి సైన్యమును వెడలించుట అను క్రమము ఆ ఆటతో స్థిరపడెను. 1998లో 'స్టార్‌క్రాఫ్ట్', 1999లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' వచ్చినవి. మొదటిది దక్షిణ కొరియాలో టెలివిజనులో చూపదగినంతటి క్రీడ అయ్యెను. రెండవది 2019లో క్రొత్త హంగులతో మరల వెలువడెను. బొమ్మలు మారినవి, అంకెలు మారినవి. కాని అడుగుననున్న లెక్క మారలేదు.

విత్తనమా, వంటగింజయా?

రైతు ఇంట ధాన్యము కొంత తిండికి, కొంత విత్తనమునకు కేటాయింపబడును. అంతయు తిన్నచో వచ్చు ఏడు పంట లేదు. అంతయు విత్తినచో ఈ ఏడు ఆకలి. వ్యూహక్రీడలోని మొదటి ప్రశ్న ఇదియే.

ఒక ఆటలో పనివానిని తయారుచేయుటకు 50 పుట్ల ధాన్యము, సైనికునికి కూడ 50 పుట్లు కావలెననుకొందము. పనివాడు నిమిషమునకు 20 పుట్లు తెచ్చును. అనగా వానిపై పెట్టిన ఖర్చు రెండున్నర నిమిషములలో తిరిగి వచ్చును. ఇద్దరు ఆటగాండ్రును పదిమంది పనివారితో మొదలిడిరి. రాముడు తన రాబడి నంతయు సైనికులపై వెచ్చించెను. నిమిషమునకు 200 పుట్లు, అనగా నలుగురు సైనికులు. సోముడు మొదటి ఐదు నిమిషములు రాబడి నంతయు పనివారిపైననే పెట్టెను. వాని పనివారు నిమిషమునకొకసారి 10, 14, 19, 27, 38, 53 చొప్పున పెరిగిరి.

ఐదవ నిమిషము ముగియునప్పటికి రాముని వద్ద 20 మంది సైనికులు. సోముని వద్ద ఒక్కడును లేడు. అప్పుడు రాముడు దండెత్తినచో సోముని ఊరు పోయినట్లే. కాని రాముడు రెండు నిమిషములు జాగు చేసెననుకొందము. సోముడిప్పుడు నిమిషమునకు వెయ్యికి పైగా పుట్లు పొందుచున్నాడు. ఏడవ నిమిషము ముగియుసరికి వానికి 42 మంది సైనికులు, రామునికి 28 మంది మాత్రమే. ఐదవ నిమిషమున గెలిచియుండెడివాడు ఏడవ నిమిషమున ఓడిపోవును. చక్రవడ్డీ ఎంతటి బలవంతురాలో ఇంతకన్న తేటగా చెప్పుట కష్టము.

సోముని పెరుగుదల ఇట్లు హద్దులేక సాగినచో ఆట చెడును. కావున ఆట కల్పించువారు దానికి కళ్ళెము వేయుదురు. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'లో ఒక పనివానికి 50 పాళ్ళ ఆహారమే కాక, 25 సెకండ్ల కాలము కూడ కావలెను. ధాన్యము ఎంత ఉన్నను ఒక ఊరి నడిబొడ్డు నుండి ఒక్కసారి ఒక్కడే వెడలును.

వర్గ సూత్రము

రెండవ ప్రశ్న బలమును గూర్చినది. ఎర్రదళమున 50 మంది విలుకాండ్రు, నీలిదళమున 30 మంది కలరు. నేర్పునందు అందరును సమానులే. పోరు ముగియునప్పటికి ఎర్రదళమున ఎందరు మిగులుదురు? 50 నుండి 30 తీసివేసి, 20 మంది అని చాలమంది చెప్పుదురు. అది తప్పు. దాదాపు 40 మంది మిగులుదురు.

కారణమిది. పోరు ఆరంభమునందు 50 మంది బాణములు 30 మందిపై పడుచున్నవి; అనగా ప్రతి నీలిసైనికునిపై సగటున ఒకటి ముప్పాతికకు కొంచెము తక్కువ మంది గురిపెట్టుచున్నారు. ప్రతి ఎర్రసైనికునిపై గురిపెట్టువారు సగటున ఒకనిలో ఐదింట మూడు వంతులు మాత్రమే. పైగా నీలిసైనికుడు ఒకడు కూలిన కొలది ఎర్రవారిపై పడు బాణములు తగ్గును. ఎక్కువమంది ఉన్న దళము రెండు విధముల లాభపడును: దెబ్బలు ఎక్కువ కొట్టును, దెబ్బలు తక్కువ తినును. కావున దళపు బలము సంఖ్యను బట్టి గాక సంఖ్య యొక్క వర్గమును బట్టి యుండును. 50 యొక్క వర్గము 2500. 30 యొక్క వర్గము 900. వాటి భేదము 1600. దాని వర్గమూలము 40. ఈ సూత్రమును ఇంగ్లండు దేశపు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ మొదటి ప్రపంచయుద్ధ కాలమున, విమానముల పోరాటములను గూర్చి ఆలోచించుచు ప్రకటించెను. కంప్యూటరు ఆటలు పుట్టుటకు కొన్ని దశాబ్దుల ముందే వాటి గుట్టు ఇట్లు బయటపడినది.

దీని ఫలితము ఆశ్చర్యకరము. నీలివారు 60 మంది ఉన్నచో 50 మంది ఎర్రవారు ఓడుదురు. కాని ఆ 60 మందియు 30 చొప్పున రెండు చోట్ల విడిపోయియున్నచో? ఎర్రదళము మొదటి 30 మందిని ఎదుర్కొని 40 మందితో మిగులును. పిమ్మట రెండవ 30 మందిపై పడును. 1600 నుండి 900 పోగా 700. దాని వర్గమూలము 26కు పైన. అనగా తక్కువ సంఖ్య గలవాడు ఎక్కువ సంఖ్య గలవానిని గెలిచి, తనవారిలో సగము మందిని దక్కించుకొనెను. నేర్పరియైన ఆటగాడు తన సైన్యమును ఒకచోట చేర్చి, ఎదుటివాని సైన్యమును చీల్చుటకు పాటుపడుట ఇందులకే.

ఈ సూత్రమునకొక షరతు కలదు. అందరును ఒకేసారి గురిపెట్టగలిగినప్పుడే ఇది వర్తించును. ఇరుకైన ద్వారమున కత్తులతో పోరునప్పుడు ముందు వరుసవారు మాత్రమే తలపడుదురు. వెనుకనున్న సంఖ్య వెంటనే పనికిరాదు. అచ్చట 50 నుండి 30 పోగా 20 అను మామూలు తీసివేతయే నిలుచును. కావుననే తక్కువ బలము గలవాడు ఇరుకు దారిని వెదకును.

పొగమంచు

మూడవ ప్రశ్న తెలియనిదానిని గూర్చినది. చదరంగమున ఇద్దరి పావులును ఇద్దరికిని కనబడును. వ్యూహక్రీడల వీడియోలలో అట్లు కాదు. తన మనుష్యుల చూపు పడిన మేర మాత్రమే ఆటగానికి కనబడును. తక్కిన పటమంతయు మసకగా నుండును. దీనిని యుద్ధపు పొగమంచు అందురు. ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్స్ సైనికుల శిక్షణకై ఒక ఆటను ప్రకటించెను. అందు మధ్యవర్తి యొకడు, ఇరుపక్షములకును కంటబడిన దళముల దిమ్మెలను మాత్రమే పటముపై ఉంచెడివాడు. నేడు ఆ మధ్యవర్తి పనిని కంప్యూటరు చేయుచున్నది.

పైన చెప్పిన రాముడు ఐదవ నిమిషమున దండెత్తవలెనా, వలదా అనునది సోముడు ఏమి చేయుచున్నాడో తెలిసిననే గాని తేలదు. సోముడు పనివారినే పెంచుచున్నచో వెంటనే దండెత్తవలెను. గోడ కట్టి కాచుకొనియున్నచో దండెత్తుట దండుగ. అప్పుడు తానును పనివారిని పెంచుకొనుట మేలు. పెంచుకొనువానిని దండెత్తువాడు గెలుచును. దండెత్తువానిని కాచుకొనువాడు గెలుచును. కాచుకొనువానిని పెంచుకొనువాడు గెలుచును. ఏ ఒక్క పద్ధతియు ఎల్లప్పుడు మంచిది కాదు. ఎల్లప్పుడు ఒకే రీతిని ఆడువాని గుట్టు ఎదుటివానికి దొరకును. ఇట్టి ఆటలలో పద్ధతులను తగిన పాళ్ళలో కలిపి, ఊహకందకుండ మార్చుచుండుటయే మేలని 1928లో జాన్ వాన్ నాయ్‌మన్ అను గణితవేత్త నిరూపించెను. ఆట మొదలుకాగానే ఒక రౌతును వేగు చూచి రమ్మని పంపుట కూడ ఇందుకే. వార్త కూడ ధనము వంటిదే. దానికొరకు కొంత వెచ్చింపక తప్పదు.

యంత్రము ఎట్లు ఆడును?

మనిషికి ఎదురుగా కంప్యూటరు ఆడునప్పుడు అది నిజముగా ఆలోచించుచున్నదా? పాత ఆటలలో అది చాలవరకు ముందుగా వ్రాసియుంచిన సూచనలను పాటించును: ధాన్యము ఇంత చేరినచో ఇది కట్టుము, శత్రువు కంటబడినచో ఇట్లు చేయుము అని. అంతమాత్రముతో నేర్పరిని గెలువజాలదు. కావున 'సివిలిజేషన్' వంటి ఆటలలో కఠినమైన మెట్టును ఎంచుకొన్నప్పుడు కంప్యూటరుకు తెలివిని గాక, అదనపు వనరులను, రాయితీలను ఇచ్చుదురు. అది ఎక్కువ తెలిసిన ప్రత్యర్థి కాదు. ఎక్కువ కలిగిన ప్రత్యర్థి.

చదరంగమున 1997లో 'డీప్ బ్లూ' యంత్రము సెకండుకు దాదాపు 20 కోట్ల స్థితులను పరిశీలించి కాస్పరోవ్‌ను ఓడించెను. ఈ ఆటలలో అట్టి వెదుకులాట సాగదు. 2010లో వచ్చిన 'స్టార్‌క్రాఫ్ట్ 2'లో ఏ క్షణమునందైనను చేయదగిన పనుల సంఖ్య సుమారు 1 తరువాత 26 సున్నలు వ్రాసినంత. 'ఆల్ఫాస్టార్' అను కార్యక్రమము వేరు దారి తొక్కెను. మొదట మనుష్యులు ఆడిన ఆటలను చూచి అనుకరించెను. పిమ్మట తన ప్రతిరూపములతోనే అసంఖ్యాకముగా ఆడి నేర్చుకొనెను. 2019 చివరకు అది ఆ ఆట ఆడువారిలో నూటికి 99.8 మందిని మించినదని ప్రకటింపబడెను.

ఐనను అదే సంవత్సరము జనవరిలో ఒక ముచ్చట జరిగెను. అంతకుముందు వరుసగా ఐదు ఆటలలో తనను ఓడించిన ఈ కార్యక్రమముతో పోలండు ఆటగాడు 'మానా' మరియొక ఆట ఆడెను. ఈసారి కార్యక్రమము కూడ మనిషి వలె ఒక్కొక్కసారి తెరలో ఒక్కొక్క భాగమునే చూడవలసి యుండెను. మానా కొద్దిమందిని మాటిమాటికి దాని ఊరి వెనుకకు పంపి, వెంటనే వెనుకకు తీసికొనుచుండెను. వారికొరకు యంత్రము తన మహాసైన్యము నంతటిని అటు నిటు త్రిప్పుచుండెను. ఇంతలో మానా బలము కూడగట్టుకొని గెలిచెను. అలవాటులేని చిన్న ఎత్తుగడ యంత్రము కాలమును దోచుకొనెను.

ఆటలో లేనివి

ఈ లెక్కలు నేర్చినవాడు యుద్ధమును తెలిసికొన్నట్లు కాదు. వర్గ సూత్రములోని 40 అను అంకెకు వెనుక కూలిన పదిమంది ఉన్నారు. ఆటలో మరల 50 పుట్లు ఇచ్చినచో వారి చోట క్రొత్తవారు వత్తురు. నిజమైన సైనికునికి ఆ వీలు లేదు. అట్లే ఆటలోని జాతుల గుణములు చరిత్ర నిర్ణయించినవి కావు. 2022లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'లో ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు చేరిరి. ద్రావిడులకు నౌకాబలము ఎక్కువ, అశ్వబలము తక్కువ అని అందు అంకెలు వేసినవారు ఆట కల్పించినవారే. అందు చరిత్ర యెంత, ఆట సమతూకమునకై చేసిన సర్దుబాటు ఎంత అని విద్యార్థులచే వెదకించినచో అది చరిత్ర తరగతికి తగిన పనియగును.

గణిత తరగతికి తగిన పని మరియొకటి కలదు. 60 మంది విలుకాండ్రను సమానముగా రెండు, మూడు, నాలుగు భాగములుగా చీల్చి ఒక్కొక్క భాగమును విడివిడిగా ఎదుర్కొన్నచో, వారిని గెలుచుటకు కనీసము ఎందరు కావలెను? వర్గ సూత్రము ప్రకారము రెండు భాగములైనచో 43 మంది, మూడైనచో 35 మంది చాలుదురు. నాలుగైనచో 15 యొక్క వర్గమును నాలుగింతలు చేయగా 900 వచ్చును. అనగా 30 మందికి ఒక్కడు మించినను గెలుపే. అరువదిమంది బలము చీలిక వలన సగమునకు దిగినది. మండపపు బండపై విడివడిన మేకలకు పట్టుగతి ఇదియే.