స్పీకర్ వైరుకు బోరు మోటారు పాఠం

స్టార్టరు నుంచి దూరంగా ఉన్న బోరుకు సన్న వైరు లాగితే ఏమవుతుందో జల్‌పల్లిలో ఏ రైతునడిగినా చెబుతాడు. మోటారు మూలుగుతుంది, వైరు వేడెక్కుతుంది, నీళ్లు సరిగా రావు. అదే ఊళ్లో కొత్తింటి హాల్లో హోం థియేటర్ పెట్టుకునేటప్పుడు మాత్రం ఈ ఇంగితం గుర్తుకు రాదు. ప్యాకెట్ మీద ‘బంగారు పూత’ అని కనబడితే చాలు, వేలకు వేలు పోసేస్తాం. నిజానికి రెండు చోట్లా చూడాల్సింది మూడే: వైరు పొడవెంత, మందమెంత, లోపలున్నది రాగేనా?

టీవీ కింద యాంప్లిఫయర్, సోఫా వెనక స్పీకర్. గోడ వారగా వైరు 10 మీటర్లు పడుతుందనుకుందాం. కరెంటు వెళ్లి, తిరిగి రావాలి కాబట్టి లెక్కకు 20 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగకు నిరోధం మీటరుకు సుమారు 0.017 ఓమ్‌లు. ఈ లెక్కన 0.75 చదరపు మిల్లీమీటర్ల సైజు వైరుకు 0.45, 1.5 సైజుకు 0.23, 2.5 సైజుకు 0.14 ఓమ్‌లు వస్తుంది. స్పీకర్ ఓమ్‌లలో ఇరవయ్యో వంతును వైరు దాటకపోతే చాలన్నది వాడుకలో ఉన్న కొలత. 8 ఓమ్‌ల స్పీకర్‌కు హద్దు 0.4 కాబట్టి 1.5 సరిపోతుంది. 4 ఓమ్‌లదైతే 2.5 కావాలి. మూడు మీటర్లలో ఉండే ముందు స్పీకర్లు 8 ఓమ్‌లవైతే 0.75 చాలు.

హద్దు దాటితే పాట ఆగిపోదు. 0.75తో వెనక స్పీకర్‌లో తగ్గేది అర డెసిబెల్. అది చెవికి అందడమే కష్టం. అసలు చిక్కు మరోటి. స్పీకర్ నిరోధం అన్ని స్వరాలకూ 8 ఓమ్‌లే ఉండదు, పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. వైరు మరీ సన్నదైతే కొన్ని స్వరాలు ఎక్కువ తగ్గి, కొన్ని తక్కువ తగ్గి, ధ్వని తూకం తప్పుతుంది.

హైదరాబాద్ కోఠిలో ట్రూప్ బజార్‌కో, గుజరాతీ గల్లీకో వెళితే మీటర్ల లెక్కన వైరు కోసిస్తారు. అక్కడే ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే తగరం పూసిన రాగి, భేషైనదే. చేతికి తేలిగ్గా ఉన్నా అనుమానించాలి: ఘన సెంటీమీటరు రాగి దాదాపు 9 గ్రాములు తూగితే, అల్యూమినియం 2.7 గ్రాములే. అల్యూమినియం పనికిరాదని కాదు. దాని నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకుంటే సరి. రాగి ధర మాత్రం ఇవ్వకండి.

అన్ని స్పీకర్లకూ వైరు ఒకే పొడవుండాలన్న మాటా నమ్మక్కర్లేదు. వైరులో ఒక మీటరు తేడాకు సంకేతం ఆలస్యమయ్యేది సెకనులో వంద కోట్లో వంతులు ఓ అయిదు. మీరు సోఫాలో ఒక మీటరు పక్కకు జరిగితేనే శబ్దం దాదాపు 3 మిల్లీ సెకన్లు తేడాగా చేరుతుంది.

ఎరుపు, నలుపు తారుమారైతే మాత్రం ఎంత ఖరీదు వైరైనా దండగే. ఒక స్పీకర్ కోను ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోయి, బేస్ పలచబడుతుంది. యాంప్లిఫయర్ దగ్గర వైరు ఊడదీసి, ఎర్ర పోగును 1.5 వోల్టుల సెల్లు ప్లస్‌కు, నల్ల పోగును మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి. పెద్ద కోను ముందుకు ఉలిక్కిపడితే కలిపింది సరే, లోపలికి నక్కితే పోగులు మార్చాలి. ఈ పరీక్షకు పాత రిమోట్‌లోని సెల్లు చాలు.