మొరాయించు మీటలు

రేడియో ధ్వనిని హెచ్చించు మీటను త్రిప్పినపుడు గరగరమను చప్పుడు వినని శ్రోత అరుదు. పెట్టె పాడైనదని పలువురు తలంతురు. సాధారణముగా లోపలనున్న బొగ్గుపూత పట్టీపై దుమ్ము చేరుటయో, ఆ పూత అరుగుటయో దీనికి కారణము. ఇదే వ్యాధి ఇంటిలోని మరియొక వస్తువునకును కలదు. అది వీడియో ఆటల యంత్రమునకు తగిలించు కంట్రోలరు. మన పిల్లలు రిమోటనియు, జాయ్‌స్టిక్కనియు పిలుచు చేతిపెట్టె.

జపానులోని క్యోటో నగరమునకు చెందిన నింటెండో సంస్థ 1983లో 'ఫ్యామిలీ కంప్యూటర్' అను యంత్రమును అమ్మకమునకు పెట్టినది. టెలివిజనుకు తగిలించి ఇంటిల్లిపాది ఆడుకొనదగిన యంత్రమది. దాని నకళ్లు 1990ల దశకమున మన దేశపు అంగళ్లలోనికిని వచ్చినవి. రాయచోటి ప్రాంతమునుండి బ్రతుకుతెరువునకై కువైటు మొదలగు గల్ఫు దేశములకు పోయినవారు పెక్కుమంది. సెలవులకు వచ్చువారి పెట్టెలలో పిల్లలకై ఇట్టి ఆటవస్తువులును ఉండుట సహజమే. తండ్రి దూరదేశమునుండి తెచ్చిన దానిని, ఒక్క మీట పలుకలేదని పాతసామానుల బండికి వేయుటకు ఎవరికి మనసొప్పును?

ముందుగా ఆ మీట పనిచేయు విధము తెలిసికొందము. వ్రేలు నొక్కు ప్లాస్టిక్ బొత్తాము క్రింద గొడుగువలె ఉబ్బిన రబ్బరు తొడుగు ఉండును. దాని లోపలివైపున బొగ్గు కలిపిన చిన్న నల్లబిళ్ల యుండును. దానికి క్రిందుగా, పలకపై ఒకదానినొకటి తాకని రెండు గీతలు ఉండును. నొక్కినపుడు బిళ్ల ఆ గీతలపై వ్రాలి వంతెనవలె వానిని కలుపును; విద్యుత్తు ప్రవహించును. వ్రేలు తీయగానే రబ్బరు తిరిగి లేచును. నాలుగు దిక్కులకు నాలుగు, తక్కినవి నాలుగు, మొత్తము ఎనిమిది మీటలు. లోపలి చిన్న చిప్పు ఈ ఎనిమిదింటి స్థితిని ఒకదాని వెంట నొకటిగా ఒకే తీగపై యంత్రమునకు చేరవేయును.

ఈ సంగతి తెలిసినచో రోగనిర్ణయము సులభము. మీటలన్నియు ఒక్కసారిగా పలుకకున్నచో దోషము తీగలోనో చిప్పులోనో ఉండుటకు అవకాశము హెచ్చు. మెలికలు పడి తీగ లోపల తెగుట సామాన్యము. ఒకటిరెండు మాత్రమే మొరాయించినచో దోషము సాధారణముగా ఆ మీటలదే. 1985లో వెలువడిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆటలో బొమ్మ నడక ప్రధానముగా కుడివైపునకే. గంతునకు 'ఏ' మీట. అట్టి ఆటలకు అలవాటుపడిన ఇంట ఆ రెండు మీటలే ముందుగా అలయుట వింత కాదు.

వానలు తక్కువైన మన సీమలో వేసవిగాలికి లేచు ఎర్రదుమ్ము సందులన్నిటను దూరును. అది చేతిచెమటతో కలిసి బిళ్లపై పొరగా అంటుకొనును. కావున క్రొత్తవి కొనుటకు ముందు శుభ్రము చేసి చూడవలెను. యంత్రమునుండి తీగను విడదీసి, వెనుకనున్న మరలను విప్పి, మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి గీతలను, బిళ్లలను మెల్లగా తుడువవలెను. తరువాత బిళ్లను తెల్లకాగితముపై రెండుమూడు మార్లు సుతారముగా రాచినచో మిగిలిన జిడ్డు కాగితమున కంటుకొనును. గరుకుకాగితము పనికిరాదు, అది బొగ్గునే గీకివేయును. కిరసనాయిలు, పెట్రోలు తగిలించరాదు. రబ్బరు ఉబ్బును, ప్లాస్టిక్ చెడును. అంతయు ఆరిన పిమ్మటనే మరలు బిగింపవలెను.

అప్పటికిని పలుకకున్నచో బిళ్ల అరిగినదన్నమాట. మల్టీమీటరు గలవారు దాని నిరోధమును కొలిచి చూడవచ్చును. కొన్ని వందల ఓములలోపు ఉన్నచో సాధారణముగా ఆరోగ్యమే. వేలకు వేలు చూపినచో ముసలితనము. పాడైన టీవీ రిమోటు రబ్బరునుండి మంచి బిళ్లను కోసి, పలుచగా జిగురు రాసి అతికింపవచ్చును. జిగురు అంచు దాటి పైకి రాకుండ చూచుకొనవలెను. రబ్బరు గొడుగే చినిగినచో క్రొత్త తొడుగు వేయుట తప్పదు. కొందరు అల్యూమినియం రేకును అంటింతురు. అది వెంటనే పలుకును గాని, రేకు త్వరలో చిరుగును. కొన్ని పలకలలో గీతలపైనున్న బొగ్గుపూతనుకూడ గీకును.

టీవీ రిమోటునకును పెక్కు కాలిక్యులేటర్లకును ఇదే నిర్మాణము, ఇదే చికిత్స. ఈ పని చేయునపుడు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. విప్పి చూచిన వస్తువును వారు సులభముగా పారవేయరు. దుమ్ము దులిపిన మీట తిరిగి పలికినపుడు, విద్యుత్తు అనగానేమో వారికి వ్రేలి క్రిందనే తెలియును.