సాలు తప్పని పాఠము

గుంటూరు, ప్రకాశము ప్రాంతముల నల్లరేగడి భూములలో ప్రత్తిని, మిరపను సాళ్లుగా పెంచుదురు. సాలునకును సాలునకును నడుమ ఎడము సమముగా నున్నయెడల గుంటక సాఫీగా సాగి కలుపును తీయును. సాలు వంకరపోయిన చోట అదే గుంటక కలుపుతోపాటు పైరును గూడ కోసివేయును. విత్తనము మంచిదే, నేలయు మంచిదే, లోపము వరుసయందున్నది. వ్రాతయందును ఇట్టి ధర్మమే కలదు. క్రొత్తగా నేర్చుకొనువారికై వ్రాసిన పాఠములలో వరుస చెడినచో, ఒక్కొక్కప్పుడు అర్థమే చెడును.

ఇంకొల్లు సమీపమున పావులూరు అను గ్రామము కలదు. అది చిరకాలము ప్రకాశము జిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. ఈ ఊరిపేరే ఇంటిపేరుగా గల పావులూరి మల్లన సుమారు 11వ శతాబ్దమువాడు. క్రీ.శ. 850 ప్రాంతమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసార సంగ్రహమును ఆతడు తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్క చేయవలసిన క్రమమును తెలుగువారికి తెలుగులో బోధించిన తొలి గ్రంథములలో నది యొకటి.

అందు చదరంగపు గళ్ల లెక్క ప్రసిద్ధమైనది. చదరంగపు బల్లపై 64 గళ్లుండును. మొదటి గడికి 1, రెండవ గడికి 2, మూడవ గడికి 4, ఇట్లు గడిగడికి రెట్టింపు చేయుచు పోయిన, మొత్తమెంత యగును? 18446744073709551615 అగును. ఇరువది యంకెలు గల ఈ సంఖ్యను మల్లన ఒక్క పద్యమున ఇమిడ్చెను. చంద్రుడనిన 1, వేదములనిన 4, బాణములనిన 5 అను సంకేతములతో, ఒకట్ల స్థానము మొదలుకొని, అంకెలను వరుసగా చెప్పెను. ఆ కాలపు తాళపత్రములలో పదముల నడుమ ఎడము విడువక వ్రాసెడివారు. అయినను చదువరికి చిక్కు కలుగకుండ ఛందస్సు కాపాడుచుండెను. ఒక మాట జారినచో గణము తప్పును. గణము తప్పినచో చెవి వెంటనే పట్టుకొనును.

నేడు ఇదే లెక్కను కంప్యూటరుచేత చేయింపవచ్చును. చేయవలసిన పనులను వరుసగా వ్రాసి యంత్రమునకిచ్చు ఆజ్ఞాపత్రమునకు ప్రోగ్రాము అని పేరు. నెదర్లాండ్సు దేశీయుడగు గీడో వాన్ రోసమ్ 1991వ సంవత్సరమున వెలువరించిన పైథాన్ అను భాషను ప్రారంభ విద్యార్థులు విరివిగా నేర్చుకొనుచున్నారు. పెక్కు ప్రోగ్రాము భాషలలో ఒక గుంపునకు చెందిన ఆజ్ఞలను కుండలీకరణములతో గాని, ప్రత్యేక పదములతో గాని గుర్తింతురు. పైథాన్ భాషలో ఆ పని పంక్తికి ఎడమప్రక్క విడిచిన ఖాళీయే చేయును. చదరంగపు లెక్కను అట్టి తీరున తెలుగు మాటలలో వ్రాసిన ఇట్లుండును:

మొత్తము = 0
గింజలు = 1
64 మారులు చేయుము:
    మొత్తము = మొత్తము + గింజలు
    గింజలు = గింజలు × 2
మొత్తమును చూపుము

లోపలికి జరిగియున్న రెండు పంక్తులును 64 మారులు జరుగును. చివరి పంక్తి ఒక్కమారే జరుగును. పుస్తకము అచ్చువేయునప్పుడు ఐదవ పంక్తి పొరపాటున ఎడమ అంచునకు జరిగినదనుకొందము. అప్పుడు రెట్టింపు చేయు పని గుంపునుండి వెలుపడును. గింజలు ప్రతిమారును ఒకటిగానే నిలిచి, మొత్తము 64 మాత్రమే వచ్చును. చివరి పంక్తి లోపలికి జరిగినచో, మొత్తము ఒక్కమారు గాక 64 మారులు తెరపై కనబడును. ఒక్క అక్షరమైనను మారలేదు. ఖాళీ మాత్రమే మారినది. యంత్రము తప్పనియు చెప్పదు. అది చెప్పినట్లే చేసినది.

కావున పాఠమును తీర్చిదిద్దువారు పెక్కు విషయములు గమనింపవలెను. సామాన్యపు అచ్చులో ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క వెడల్పుండును. అందుచేత పంక్తులు సరిగా నిలువవు. ప్రోగ్రామును సమానమైన వెడల్పుగల అక్షరములలో అచ్చువేయవలెను. పైథాన్ భాషకు 2001వ సంవత్సరమున ఏర్పడిన వ్రాత నియమములు, లోపలికి జరుపు ప్రతి మెట్టునకును నాలుగు ఖాళీలు విడువుమని చెప్పుచున్నవి. కొన్ని పంక్తులకు ఖాళీలను, కొన్నిటికి ట్యాబ్ మీటను వాడిన కంటికి ఒక్కతీరుగనే కనబడవచ్చును గాని, యంత్రమునకు అవి వేరు. ఉత్తరములు వ్రాయు సాధనములు నిటారైన ఉల్లేఖన చిహ్నములను అందముకొరకు వంపు చిహ్నములుగా మార్చును. వచనమునకు అవి శోభయే. ప్రోగ్రాములో మాత్రము యంత్రము వాని నంగీకరింపదు.

మరియొక చిక్కు కలదు. విద్యార్థి వ్రాయవలసినదియు, యంత్రము బదులుగా చూపునదియు ఒకేచోట కలిసియున్నచో, తెలియనివాడు రెండింటిని వ్రాయును. మిరప కల్లములో మేలికాయలను, తాలుకాయలను వేరు రాసులుగా పోసినట్లు, ఈ రెండింటిని వేరువేరుగా చూపవలెను. అన్నిటిని సరిచేసిన పిమ్మట, ఆ పుటను చూచి ఉన్నదున్నట్లు వ్రాసి, యంత్రముపై నడిపి చూడవలెను. ఆ పరీక్షకు నిలిచిననే పాఠము సిద్ధమైనట్లు.

ఇంతటి శ్రద్ధ ఎవరికొరకు? విద్య తెలిసినవాడు వంకరపంక్తిని చూచినంతనే దోషమును గుర్తించి తానే దిద్దుకొనును. ఏమియు తెలియని బాలుడు అట్లు చేయలేడు. పల్లెటూరిలో, అడిగి తెలిసికొనుటకు గురువు చెంత లేనప్పుడు, వానికి పుస్తకమే ప్రమాణము. పుస్తకములో నున్నట్లే వ్రాసినను లెక్క తప్పినచో, తప్పు పుస్తకముదని వానికి తోచదు. తన బుద్ధియే మందమని తలంచి, ఆ విద్యనే విడిచిపెట్టును. పంక్తులు సవరించుట చిన్నపనిగా కనబడవచ్చును. కాని బోధించుటకు పూనుకొన్నవాడు చెప్పవలసిన విషయమునందు ఎంత శ్రద్ధ చూపునో, దానిని చదువరి కన్నులయెదుట నిలుపు తీరునందును అంత శ్రద్ధ చూపవలెను.