అడ్డపొగ త్రాగే తల్లుల కొరకు

వెలిగించిన కొసను నోటిలోనికి పెట్టుకొని చుట్ట కాల్చడాన్నే అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలలో ఎందరో తల్లులకు ఇది చిన్ననాటి అలవాటు. గాలికి నిప్పు ఆరదు, పని ఆగదు. కాని నిప్పు సెగంతా అంగిలికే తగులుతుంది.

ఈ తల్లుల నోళ్ళను గూర్చి శ్రద్ధ వహించిన ఒక డెన్మార్కు దేశస్థుని మనము తెలుసుకోవాలి. ఆయన డాక్టర్ యెన్స్ పిండ్‌బోర్గ్ (1921-1995). ఆయన పాథాలజిస్టు, అనగా పుండు నుండి తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శినిలో చూచి వ్యాధిని తేల్చి చెప్పే వైద్యుడు. నోటి క్యాన్సరు పరిశోధనలో ఆయన ఎన్నో ఏండ్లు గడిపారు.

బొంబాయికి చెందిన డాక్టర్ ఫాలీ మెహతా మొదలైనవారితో కలిసి, శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటా 10,169 మందిని పరీక్షించిన నివేదికను ఆయన 1971లో ప్రచురించారు. నూటికి 43 మందికి పైగా అడ్డపొగ త్రాగేవారే. వారిలో అధికులు స్త్రీలు. ఇతర చోట్ల క్యాన్సరు అరుదుగా వచ్చే అంగిలి మీదనే వీరికి మచ్చలు, పుండ్లు, క్యాన్సరు కనిపించాయి.

పరిశోధన అంతటితో ఆగలేదు. శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వాడేవారికి మానమని నచ్చజెప్పారు. 1986లో ఫలితాలు వెలువడ్డాయి. కొందరు మానారు, మరికొందరు తగ్గించారు; క్రొత్తగా తెల్లమచ్చలు వచ్చేవారు తగ్గారు. ప్రేమతో చెప్పిన మాట వృథా కాదని తేలింది.

కాబట్టి మన ఇంటి పెద్దమ్మలను, అవ్వలను గద్దించక, వెలుతురులో కూర్చుండబెట్టి వారి అంగిలిని చూద్దాము. తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని, రెండు వారాలకు మానని పుండు గాని ఉంటే, నొప్పి లేదు గదా అని ఊరుకొనక, వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్దాము.