లాగడం తెలిస్తే చాలదు
రైలు బ్రేకు, రక్తం గొట్టం, పాలు పితికే మిషను... మూడింటికీ సూత్రం ఒకటే. కానీ పరికరం నిలబడేది సూత్రం మీద కాదు

ఖరగ్‌పూర్‌లో రైలు దిగి మథురాకాటి వైపో, నింపురా వైపో వెళితే బెంగాల్లో ఉన్నామన్న సంగతి కాసేపు మరిచిపోవచ్చు. ఉత్తరాంధ్ర యాసలో పలకరింపులు వినిపిస్తాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాప్ పెట్టాక శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. రైల్వే ఫిట్టర్ల తాతల తరానికి బాగా తెలిసిన వస్తువు ఒకటుంది. అది కంటికి కనిపించదు. దాని పేరు వాక్యూమ్.

మన రైళ్లు చాలాకాలం వాక్యూమ్ బ్రేకులతోనే నడిచాయి. ఇంజన్ దగ్గర సుమారు 53 సెంటీమీటర్ల పాదరస మట్టానికి సమానమైన వాక్యూమ్ ఉన్నంతసేపూ బ్రేకు వదులుగా ఉంటుంది. గొట్టంలోకి గాలి చొరబడిందా, బండి ఆగిపోతుంది. 1980ల తర్వాత ఎయిర్ బ్రేకులు క్రమంగా వాటి స్థానాన్ని ఆక్రమించాయి. కానీ ఆ పాత పాఠం ఇంకా పనికొస్తుంది. వాక్యూమ్‌ను పుట్టించడం పెద్ద విద్య కాదు. ఎంత ఉంచాలి, ఎప్పుడు వదలాలి అన్నదే అసలు విద్య.

ఇదే పాఠాన్ని పాడి పరిశ్రమ చాలా ఖరీదుపెట్టి నేర్చుకుంది. స్కాట్లాండ్‌కు చెందిన విలియం ముర్చ్‌లాండ్ 1889లో వాక్యూమ్‌తో పాలు లాగే యంత్రానికి పేటెంట్ పొందారు. పాలు వచ్చాయి. కానీ ఎడతెగకుండా లాగడంతో చన్నుల్లో రక్తం పేరుకుపోయి ఆవులు విలవిల్లాడేవి. దూడ అలా తాగదు. ఒక గుక్క లాగుతుంది, మింగేందుకు ఆగుతుంది, మళ్లీ లాగుతుంది. ఆ విరామాన్ని యంత్రానికి నేర్పింది గ్లాస్గోకు చెందిన అలెగ్జాండర్ షీల్డ్స్. 1890ల్లో ఆయన రూపొందించిన పల్సేటర్ లాగడాన్నీ వదలడాన్నీ వంతులవారీగా జరిపింది. తర్వాత ఆస్ట్రేలియాలో రెండు గదుల కప్పు వచ్చింది. లోపల రబ్బరు తొడుగు, బయట లోహపు గొట్టం. నేటికీ మిషన్లన్నిటికీ మూలం ఇదే. నిమిషానికి దాదాపు 60 సార్లు రబ్బరు ముడుచుకుని చన్నుకు విశ్రాంతి ఇస్తుంది. వాక్యూమ్ కూడా రైలు బ్రేకుకన్నా తక్కువే, 30 నుంచి 38 సెంటీమీటర్లు.

ఆస్పత్రిలో రక్తం తీసే గొట్టం కథా ఇంతే. 1940ల చివర అమెరికాలో జోసెఫ్ క్లైనర్ ఆలోచనతో బెక్టన్ డికిన్సన్ కంపెనీ ముందుగానే గాలి తీసేసిన గొట్టాన్ని తెచ్చింది. సూది నరంలోకి వెళ్లగానే కావలసినంత రక్తం దానంతటదే చేరుతుంది. ఊదారంగు మూత రక్తకణాల లెక్కకు, బూడిదరంగు మూత షుగర్ పరీక్షకు. సిబ్బంది చేతికి రక్తం అంటే ప్రమాదమూ తగ్గింది. అయితే ఇక్కడా లాగుడు మితిమీరితే ముప్పే. వృద్ధులు, పసిపిల్లల సన్నని నరాలు ముడుచుకుపోతాయి. ఎర్రకణాలు చిట్లి ఫలితం తప్పుతుంది. అందుకే తక్కువ వాక్యూమ్ ఉండే చిన్న గొట్టాలు వచ్చాయి.

గేదె మాట వేరు

విదేశీ మిషన్లను తెచ్చి మన కొట్టంలో పెట్టినప్పుడు మరో చిక్కు ఎదురైంది. అవి ఆవు కోసం తయారైనవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పాడి అంటే గేదె కూడా. గేదె చన్ను కండరం బిగువు ఎక్కువ. పాలు చాలావరకు పొదుగు పైభాగంలోనే ఉండి, చేపు వచ్చాకే కిందికి దిగుతాయి. ఆ చేపు ఆవుకన్నా ఆలస్యం. దూడను వదలడం, పొదుగు కడిగి నిమరడం మన పెద్దలు ఊరికే చేయలేదు. ఆ స్పర్శకే ఆక్సిటోసిన్ హార్మోను విడుదలవుతుంది. ఆ ఓపిక లేకనే కొందరు సూదిమందుకు అలవాటు పడ్డారు. చేపు రాకముందే మిషను తగిలిస్తే అది ఖాళీ చన్నును లాగి గాయం చేస్తుంది.

రెండో చిక్కు కరెంటు. రెండు మూడు పశువులున్న ఇంట్లో మోటారు మిషను గిట్టుబాటు కాదు. వేళకు కరెంటూ ఉండకపోవచ్చు. కర్ణాటకలోని దక్షిణ కన్నడ జిల్లా రైతు రాఘవ గౌడ ఈ ఇబ్బందినే ఎదుర్కొని చేత్తో నడిపే వాక్యూమ్ మిషను తయారు చేశారు. గ్రామీణ ఆవిష్కర్తలను వెతికి పట్టుకునేందుకు 2000లో అహ్మదాబాద్ కేంద్రంగా మొదలైన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆయన పనిని గుర్తించింది. వేళ్లు నొప్పులుపుట్టే పనిని రోజూ రెండు పూటలా చేసేవారికి ఆ విలువ వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా తేలికైన పరికరానికి వాక్యూమ్ కూడా అక్కర్లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షామ్, నూర్లాండర్ 1957లో వెలువరించిన పొదుగువాపు పరీక్షకు కావలసింది నాలుగు గుంటలున్న ఒక ప్లాస్టిక్ పళ్లెం. ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో పిండి, అంతే రసాయనం పోసి తిప్పితే చాలు. పాలు జిగురుగా చిక్కబడితే ఆ చన్నులో వ్యాధి మొదలైనట్టే. పైకి వాపు కనిపించక ముందే తెలిసిపోతుంది. నమూనా సేకరణ, పరీక్ష రెండూ పశువు పక్కనే, నిమిషం లోపే.

పరీక్షే నమూనా దగ్గరకు

ఇదే దారిని ఖరగ్‌పూర్‌లో మరొకరు తొక్కారు. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీలో ప్రొఫెసర్ సుమన్ చక్రవర్తి, డాక్టర్ అరిందమ్ మండల్ బృందం 2020 జులైలో కోవిడ్ పరీక్షకు ఒక చిన్న పెట్టెను ప్రకటించింది. పేరు కోవిరాప్. ఖరీదైన ఆర్‌టీ-పీసీఆర్ యంత్రం అక్కర్లేకుండా నమూనాను అక్కడికక్కడే పరీక్షించి, ఫలితాన్ని స్మార్ట్‌ఫోన్‌తో చదవొచ్చన్నది ఆలోచన. అదే ఏడాది అక్టోబరులో ఐసీఎంఆర్ దాని పనితీరును ధ్రువీకరించింది. 2021 ఏప్రిల్‌లో వాణిజ్య తయారీకి లైసెన్సులు ఇచ్చారు. చక్రవర్తి 2025లో అదే ఐఐటీకి డైరెక్టర్ అయ్యారు.

పేటెంటు, ధ్రువీకరణ, లైసెన్సు... ఇవన్నీ దాటాక కూడా పరికరానికి ఇంకో పరీక్ష మిగిలే ఉంటుంది. పాలమిషను రబ్బరు తొడుగును సుమారు 2,500 సార్లు పితికాక మార్చాలి. బిగువు పోయిన రబ్బరు చన్నుకు విశ్రాంతినివ్వదు, సరిగా కడగని రబ్బరు ఒక పశువు వ్యాధిని మరోదానికి అంటిస్తుంది. ఆ రబ్బరు దగ్గరి ఊళ్లో దొరక్కపోతే ఎంత గొప్ప మిషనైనా కొట్టంలో మూలకు చేరుతుంది. నమూనా పరికరాలదీ అదే తీరు. రసాయనం అయిపోయిన రోజే పెట్టె మూతపడుతుంది.

దీనికి విరుగుడు ఖరగ్‌పూర్‌లోనే ఉంది, అయితే ప్రయోగశాలలో కాదు. రైల్వే వర్క్‌షాప్ బోగీ చెడిపోయేదాకా ఆగదు. గడువు రాగానే లోపలికి తెప్పించి, విప్పి, అరిగినవి మార్చి పంపిస్తుంది. పాలమిషన్లకు, పల్లె ల్యాబులకు ఆ క్రమం ఇంకా అలవడలేదు. కొత్త పరికరం కనిపెట్టినవారికి బహుమతులున్నాయి. పాతదానికి వేళకు రబ్బరు మార్చే మెకానిక్‌కు జీతం ఎవరిస్తారో తేలితే సగం సమస్య తీరినట్టే. వాక్యూమ్ బ్రేకుతో బతికిన ఈ ఊరి ఫిట్టర్లకు అది కొత్త విషయమేం కాదు. ఎక్కడో ఒక చిన్న రబ్బరు జారితే బండి మొత్తం ఆగిపోవడం వాళ్లు కళ్లారా చూసిందే.