మొక్క కన్నా ముందు మట్టిని చదవాలి

చిల్కానగర్ నుంచి ఉప్పల్ రింగు రోడ్డుకు వచ్చి వరంగల్ హైవే ఎక్కితే బోడుప్పల్, మేడిపల్లి దాటాక నారపల్లి అడవి తగులుతుంది. చూడగానే దాన్ని అడవి అని చాలామంది ఒప్పుకోరు. బండరాళ్లు, పొదలు, పొట్టి చెట్లు. ఎండాకాలం వస్తే అంతా మోడువారినట్టే ఉంటుంది. అందులో కొంత భాగం భాగ్యనగర్ నందనవనం పేరుతో పార్కు అయింది. మిగతా అడవిని ఏం చేయాలని ఎవరిని అడిగినా మొక్కలు నాటాలనే అంటారు. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అక్కడ ఏ రకం అడవి ఉందో, ఎక్కడెక్కడ ఎలాంటి నేల ఉందో తేల్చాలి.

మన దేశపు అడవులను హ్యారీ ఛాంపియన్ 1936లో రకాలుగా విడదీశారు. ఎస్.కె. సేథ్‌తో కలిసి 1968లో దాన్ని సవరించి 16 ప్రధాన వర్గాలు చేశారు. అటవీ శాఖ ఇప్పటికీ వాడేది ఆ వర్గీకరణనే. ఆదిలాబాద్ టేకు అడవి ఆకురాల్చే శుష్క అడవుల కిందికి వస్తుంది. హైదరాబాద్ చుట్టూ అలాంటి అడవితో పాటు ముళ్ల అడవీ ఉంది. తుమ్మ, రేగు, బలుసు, సీతాఫలం ఇక్కడి చెట్లు. పలచగా, పొట్టిగా ఉండటం ముళ్ల అడవి తీరు. అయితే నరుకుడు, మేపు, నిప్పు వల్ల అలా అయిపోయిన అడవి కూడా పైకి అలాగే కనిపిస్తుంది. ఈ రెంటినీ వేరు చేయడంలోనే అటవీ అధికారి పనితనం తెలుస్తుంది.

అది ఆఫీసులో కూర్చుంటే తేలదు, గడ్డపార పట్టాలి. గుట్ట నెత్తిన వేటు వేస్తే జానెడు లోతులోనే రాయి ఖంగుమంటుంది. కాస్త దిగువన మొరం కలిసిన ఎర్రమట్టి మోకాలి లోతు దాకా దిగుతుంది. వాగు పక్కన మట్టి ఇంకా లోతు, పిడికిట పడితే ముద్దవుతుంది. ఈ మూడూ ఒకే అటవీ బీటులో, కేక వేస్తే వినిపించేంత దూరంలో ఉంటాయి. గుట్ట మీద గుంత తీసి నాటిన మొక్క రెండో వేసవి దాటడం కష్టం. అక్కడ గడ్డినీ పొదలనూ వదిలేసి, నిప్పు రాకుండా కాపలా కాయడమే సరైన పని. ఏటవాలులో నరికిన మొద్దుల వేర్లు ఇంకా బతికే ఉంటాయి. వంకర పిలకలు కోసి ఒక్క మంచి పిలకను నిలిపి, అడ్డంగా కందకం తవ్వితే అదే చెట్టవుతుంది. నాటాల్సింది వాగు పక్కన. మద్ది, నేరేడు, కానుగ అక్కడ నిలుస్తాయి.

అడవిని బ్లాకులుగా, కంపార్ట్‌మెంట్లుగా విడగొట్టి, ఏ ముక్కకు ఏ వైద్యం చేయాలో పదేళ్లకు సరిపడా రాసుకునే పుస్తకమే వర్కింగ్ ప్లాన్. 50 ఏళ్ల టేకు ఎంత ఎత్తు పెరుగుతుందన్న లెక్కన నేలకు తరగతులు కట్టడం మన ఫారెస్టర్లకు పాత విద్యే. ఫిన్లాండ్‌లో కాయందర్ అనే శాస్త్రవేత్త 1909లోనే చెట్ల కింద పెరిగే చిన్న మొక్కలను బట్టి అడవి నేలను వర్గీకరించారు. ఇక్కడ గొర్రెల కాపరిని అడిగినా, ఏ గడ్డి ఎక్కడ మొలుస్తుందో చూసి ఆ నేల సంగతి చెప్పేస్తాడు. ఆ తెలివి వర్కింగ్ ప్లాన్లలోకి ఎక్కకపోవడం మనకే నష్టం.

పటాలకు మనకు కొదవ లేదు. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉప్పల్‌లోనే ఉంది. ఉపగ్రహ చిత్రాలు చదివే ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లో ఉంది. అయితే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో హెక్టారు విస్తీర్ణం, 10 శాతం చెట్ల నీడ ఉంటే మామిడి తోటైనా అటవీ విస్తీర్ణమే. 10 శాతం లోపు ఉన్న అడవి నేల మాత్రం పొద అడవిగా పక్కకు పోతుంది. కానీ చెట్లు తక్కువున్నంత మాత్రాన అది పనికిరాని నేల కాదు. వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకలకు కావాల్సింది బయలు, గడ్డి. పచ్చదనం పేరుతో అక్కడ చెట్లు కిక్కిరిసేలా పెంచితే జింకకు చోటు మిగలదు. నేలతో పని లేకుండా, త్వరగా పచ్చబడుతుందని ఊరూరా కోనోకార్పస్ పెట్టారు. తర్వాత తెలంగాణ ప్రభుత్వమే దాన్ని నాటడం ఆపించింది.

అడవిని గుర్తించకపోతే ఏమవుతుందో కంచ గచ్చిబౌలిలో చూశాం. రికార్డుల్లో అది అడవి కాదని ప్రభుత్వం అంది. 400 ఎకరాల్లో సుమారు వంద ఎకరాలు చదును చేశాక, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. యజమాని ఎవరైనా నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవేనని, నిపుణుల కమిటీలతో వాటిని గుర్తించాలని అదే కోర్టు 1996 డిసెంబరు 12నే రాష్ట్రాలకు చెప్పింది. ఆ పని అప్పుడే శ్రద్ధగా జరిగి ఉంటే గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగేవి కావు.

చిల్కానగర్, నాచారం, ఉప్పల్ వాసులకు ఒక మనవి. ఈ వానాకాలం మొక్కల పండుగలో ఎన్ని నాటారన్న లెక్కతో సరిపెట్టుకోవద్దు. ఏ నేలలో ఏ మొక్క పెడుతున్నారో అడగండి. నారపల్లి, చెంగిచెర్ల అడవుల గురించి వర్కింగ్ ప్లాన్‌లో ఏం రాశారో చూపించమని సమాచార హక్కు చట్టం కింద అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి.